వచ్చిందా?

చి|| పిచ్చుకకు,

అమ్మ గంపెడు దీవెనలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మీ నాన్నా, మెట్లత్తా, ఆవిడ పిల్లీ అందరం క్షేమం. సముద్రం మధ్య ఆ రాతి దిబ్బ మీద గాలికి ఎగిరిపోకుండా నువ్వూ క్షేమంగానే ఉన్నావని నమ్ముతున్నాను. క్షేమం అని రాశాను గానీ ఆ మాటకు చిన్న తోక ఒకటి ఉంది. ఉత్తరం ముగిసేలోపు దాని సంగతి చెబుతాను. ముందే చెప్పానంటే మిగతాది చదవకుండా నువ్వు పడవెక్కేస్తావు. నీ తొందర నాకు తెలియనిదా!

నీ ఉత్తరాన్ని మీ నాన్న పైకి చదివి వినిపించారు. ఈమధ్య ఆయనకు అదో సరదా అయింది. కవరు చింపగానే కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని, గొంతు సవరించుకుని, కండక్టరు స్టాపుల పేర్లు చెప్పినట్టు ఒక్కో వాక్యం చదివి ఆగుతారు. జీవితమంతా స్టీరింగు పట్టుకుని వెనకనుంచి కండక్టరు కేకలు విన్న మనిషి కదా, ఆ కోరిక ఇప్పుడు తీర్చుకుంటున్నారు కాబోలు.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. వంటగది కప్పు కారడం ఆగింది. ఆగిందంటే వాన ఆగింది, అంతే. కుట్టుపని ఎలా ఉందన్నావు. కుట్టు దుకాణం నుంచి బట్టలు ఎప్పటిలాగే వస్తున్నాయి. చొక్కాలకు కాజాలు కుట్టడం, గుండీలు వేయడం, అదే పని. మునుపటి కంటే తక్కువ తెచ్చుకుంటున్నాను. మీ నాన్న రోజూ పొద్దున టీ తాగాక గుప్పెడు సూదులకు దారాలు ఎక్కించి దిండుకు గుచ్చి పెడుతున్నారు. పదవీ విరమణ చేసిన మగవాళ్ళకు ఏదో ఒక పని కావాలి మరి.

"అమ్మా, నీ అక్షరాలు ఇంత పెద్దవైపోయాయేమిటి? ఒక్కో వరుసా కొండెక్కి దిగుతోంది" అని ఎగతాళి చేశావు. పెద్ద మనసున్నవాళ్ళు పెద్ద అక్షరాలే రాస్తారు. ఇక ఆ ఫొటో. "జడ కాస్త పల్చబడినట్టుంది, శ్రద్ధగా దువ్వుకో" అని నేను రాసినదానికి, "ఫొటో సరిగ్గా చూశావా అమ్మా? నీ తిట్లకోసం కళ్ళలో వత్తులు వేసుకుని ఎదురుచూస్తుంటే ఇదేమిటి?" అన్నావు. తిట్టడానికి ఏముంది? ఎప్పుడూ లేనిది తిట్లు అడిగి మరీ తెచ్చుకునే రకం నువ్వొక్కదానివే. మీ నాన్న ఆ వాక్యం చదివాక ఎందుకో దగ్గారు, రెండు వాక్యాలు మింగేసినట్టు కూడా అనిపించింది.

ఇప్పుడు అసలు కబురు. మన ఇంట్లో టీవీకి డబ్బా వచ్చింది.

నువ్వు వెళ్ళేనాటికి ఇంకా పాత యాంటెన్నాయే కదా. మన యాంటెన్నా సంబరం నీకు గుర్తుండే ఉంటుంది. గాలి గట్టిగా వీస్తే అది పక్కింటివైపు తల తిప్పేది. తెరంతా చీమలు పాకేవి. మీ నాన్న లుంగీ పైకి కట్టి మేడెక్కేవారు. నేను టీవీ ముందు. మధ్యలో మెట్ల మలుపు దగ్గర, పక్క వాటాలోంచి వచ్చిన మెట్లత్త. మీ నాన్న పైనుంచి "వచ్చిందా?" అనేవారు. ఆ కేకను మెట్లత్త కిందికి అందించేది, నా జవాబును పైకి పంపేది. నువ్వు చిన్నప్పుడు ఆవిడకు ఆ పేరు పెట్టడానికి కారణమే అది. "రాలేదు... రాలేదు... ఆఁ వచ్చింది... అయ్యో పోయింది, కాస్త వెనక్కి!" ఇలా వీధంతా మన ఇంటి బొమ్మ రాకపోకలు వినేది.

నువ్వు ఆ దిబ్బ మీది వాతావరణ కేంద్రంలో ఉద్యోగానికి వెళ్ళాక ఆ మాటకు మనింట్లో ఇంకో అర్థం చేరింది. నువ్వు పొద్దున కొలిచి పంపిన గాలి, లెక్కగట్టిన మబ్బులు సాయంత్రం వాతావరణ వార్తల్లో చూపిస్తారు కదా. పటం మీద మీ దిబ్బ ఉన్నచోట నీలం చుక్క, పక్కన ఒక అంకె. ఉత్తరం పడవ మీద వచ్చేసరికి ఎంతకాలం పడుతుందో దేవుడికే తెలియాలి, ఆ చుక్క మాత్రం రోజూ వస్తుంది. అది వెలిగిందంటే అక్కడ నువ్వు లేచి, ముఖం కడుక్కుని, పనిలోకి వెళ్ళావన్నమాట. అందుకని చుక్క కనబడగానే మేం "అమ్మాయి వచ్చింది" అనుకుంటాం. ఆ సమయానికి టీవీలో చీమలుంటే మీ నాన్న మేడ మీంచి అడిగే "వచ్చిందా?"కు రెండు అర్థాలుండేవి. బొమ్మ వచ్చినా వచ్చిందే, కూతురు వచ్చినా వచ్చిందే. మన భాషలో ఆ సౌకర్యం ఉంది.

ఈ రెండేళ్ళుగా మన యాంటెన్నా మరీ మొండికేసింది. మీ నాన్న ఎంత తిప్పినా బొమ్మ మసకే. ఒకసారి నేను "రాలేదు, రాలేదు" అంటూనే ఉన్నాను, మెట్లత్త మాత్రం మెట్ల మీంచి మన గదిలోకి తొంగిచూసి, "వచ్చింది తమ్ముడూ, దిగిపో!" అని కేకేసింది. నాకు ఒళ్ళు మండింది. "టీవీ ముందున్నది నేనా, నువ్వా? నేను రాలేదంటుంటే వచ్చిందంటావేం వదినా?" అని దులిపేశాను. మాటకు మాట అప్పజెప్పకుండా వదిన ఊరుకోవడం నేను ఎరగను. పిల్లిని చంకన వేసుకుని వెళ్ళిపోయింది.

అలా ఉండగా తెర అడుగున ఒక వరుస పరిగెత్తడం మొదలైంది. పాత పద్ధతి ప్రసారాలు ఆపేస్తారట. ఇకపై అంతా డిజిటల్. సెట్‌టాప్ బాక్సు పెట్టుకోనివాళ్ళ టీవీలు పనిచేయవట. వీధిలో అందరూ ఒకరి తర్వాత ఒకరు పెట్టించుకున్నారు. మెట్లత్త పెట్టించుకుంది. మీ నాన్న మాత్రం పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నారు. నేను అడిగినప్పుడల్లా ఒక సాకు. "మేడెక్కే పని తప్పితే నా మోకాళ్ళు పట్టేస్తాయి" అన్నారొకసారి. "కొత్త వస్తువు, వాటిలో ఉండే తప్పులన్నీ బయటపడనీ, అప్పుడు చూద్దాం" అన్నారు ఇంకోసారి. రోడ్డు మీదికి కొత్త బస్సు వస్తే ముందు నేనంటే నేనని డిపోలో కొట్లాడిన మనిషి! ఆయన మాటలు నాకు మింగుడు పడలేదు.

చివరికి ఆ రోజు రానే వచ్చింది. పాత ప్రసారాలు ఆగిపోయాయి. తెర నిండా చీమలు, గదంతా హోరు. ఆ రోజు మాత్రం ముగ్గురం ఒకే మాట అన్నాం: "రాలేదు." సాయంత్రమయ్యేసరికి నీ చుక్క లేదు. మర్నాడూ లేదు. మెట్లత్త తన ఇంట్లో చూసి మెట్ల మీంచి "అమ్మాయి వచ్చింది వదినా!" అని కబురు చెప్పేది. నా కూతురు పక్కింటికి వచ్చి, మా గడప తొక్కకుండా వెళ్ళిపోయినట్టు ఉండేది నాకు. నేను అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే మీ నాన్న చూశారు. "సరే, రేపు పిలిపిస్తాను" అన్నారు. అన్నది డబ్బా గురించి. గొంతు చూస్తే నన్ను ఎక్కడికో పంపిస్తున్నట్టుంది.

డబ్బా బిగించడానికి ఒక అమ్మాయి వచ్చింది. నీకంటే కాస్త పెద్దది, మాటా చెయ్యీ రెండూ వేగమే. కిటికీ పక్కన అరచేయంత యాంటెన్నా బిగించింది. మీ నాన్నా, మెట్లత్తా కొత్త బొమ్మను తెగ మెచ్చుకున్నారు. డబ్బా బాగా పనిచేస్తోంది. ఆ కబురు ఇప్పటికి ఇంతే.

ఉత్తరం ఇక్కడ ఆపుతున్నాను. రేపు మీ నాన్నకూ నాకూ పెద్దాసుపత్రి వీధిలో ఒక పనుంది. సముద్రం బాగోలేదని సరుకుల పడవ కూడా ఆలస్యమట. కాబట్టి తొందరేమీ లేదు. మిగతాది వచ్చాక రాస్తాను.

*

పిచ్చుకా, ఇక్కడినుంచి నా అక్షరాలు చిన్నవయ్యాయి, గమనించావా? వరుసలు కొండలెక్కడం మానేశాయి. పై పేజీలు ఇప్పుడు నేనే మళ్ళీ చూసుకున్నాను. ఎంత ఆగమాగంగా రాశానమ్మా! ఒకచోట ఒక వరుస మీదే ఇంకో వరుస ఎక్కించాను. నువ్వు ఎలా చదివావో ఏమో.

అవును, అదే తోక. నీ దగ్గర దాచాను. నా కళ్ళలో శుక్లాలు వచ్చాయి. కుడికంటికి ఆపరేషన్ అయింది. అంతా బాగుంది. మళ్ళీ రాస్తున్నాను, అంతా బాగుంది. ఇప్పుడు కూర్చో, నీళ్ళు తాగు, తర్వాత చదువు.

డబ్బా వచ్చిన రోజు సంగతి నీకు సగమే చెప్పాను. ఆ అమ్మాయి అన్నీ బిగించి రిమోటు నొక్కింది. ఛానెళ్ళను అదే వెతుక్కుంది. "అదిగో, వచ్చేసింది!" అంది. మెట్లత్త రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుని, "అబ్బ, అద్దంలా ఉంది! ఆ వార్తలాయన ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉందన్న సంగతి నాకు ఇన్నాళ్ళూ తెలీదు సుమా!" అంది.

నేను చూశాను. అదే మసక. ఎప్పటి మసకో అదే.

"ఇంకా సరిగ్గా రాలేదు తల్లీ. కాస్త అటూ ఇటూ తిప్పి చూడు" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది. "తిప్పడానికేం లేదండీ దీనికి. వస్తే నిండుగా వస్తుంది, లేదంటే అసలు రాదు. మరీ చెడితే గళ్ళుగళ్ళుగా పగిలిపోద్ది. మసక అన్నది మాత్రం దీనికి తెలీదండీ."

ఆ అమ్మాయి ముందు టీవీని చూసింది, తర్వాత మీ నాన్నను చూసింది. మీ నాన్న మెల్లగా, "ఆ వైరొకసారి చూడమ్మా, వదులైందేమో" అన్నారు. ఆ గొంతు నాకు తెలుసు. బ్రేకు పట్టడం లేదని తనకు తెలిసి, వెనక కూర్చున్నవాళ్ళతో కంగారేం లేదని చెప్పే గొంతు అది.

అప్పుడే వాతావరణ వార్తలు మొదలయ్యాయి. "అమ్మాయి వచ్చిందా?" అని అడిగాను. "వచ్చింది వదినా, అదిగో" అంది మెట్లత్త. తెరకు ఇంకాస్త దగ్గరికి జరిగాను. నాకు సముద్రం ఒక్కటే కనిపించింది, అదీ పాలు కలిసిన నీళ్ళలా. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చూడలేక యాంటెన్నా వంకరన్నాను ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఆ మద్దెలను కూడా తీసి పక్కన పెట్టేశారు. ఇంక ఓడు ఎవరిదో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఆ అమ్మాయి వెళ్ళిపోయాక మీ నాన్న టీ పెట్టి తెచ్చారు. పక్కన కూర్చున్నారు.

"మీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"సూదులు ఎందుకు ఎక్కించి పెడుతున్నాననుకున్నావు?"

నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. "తెలిసి తెలిసీ రోజూ మేడెక్కి ఆ కడ్డీని పట్టుకుని తిప్పారా? తిప్పితే వస్తుందా?"

"రాదు. అయినా నువ్వు రాలేదంటుంటే నేను తిప్పాలి కదా" అన్నారు. టీ గ్లాసు నా వైపు జరిపి, "కిందికి దిగొచ్చి, తప్పు టీవీది కాదే, నీ కంటిదీ అని చెప్పాలంటే నా వల్ల కాలేదు. దానికంటే మేడెక్కడమే తేలిక" అన్నారు.

డబ్బా వద్దని ఆయన ఎందుకు మొండికేశారో అప్పుడు అర్థమైంది. మోకాళ్ళూ కాదు, కొత్త వస్తువుల్లో తప్పులూ కాదు. డబ్బా వచ్చిన రోజున నాకు తెలిసిపోతుందని ఆయన భయం. మెట్లత్తకూ తెలుసట. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని మనం నవ్వుకుంటాం కదా, ఇంత పెద్ద సంగతిని రెండేళ్ళు నానబెట్టింది! నేను దులిపేసిన రోజున కూడా కిక్కురుమనలేదు. తలుచుకుంటే సిగ్గేస్తోంది.

మీ నాన్న అంత భయపడడానికి కారణం ఉంది. మీ అమ్మమ్మ నీకు అంతగా గుర్తుండదు. చివరి రోజుల్లో ఆవిడకు చూపు లేదు. అంతకుముందు డాక్టర్లు ఆపరేషన్ చేస్తామంటే రేపన్నది, ఎల్లుండన్నది, ఎండలు తగ్గాక అన్నది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుంది. ఆవిడ సూదులకు దారం నేనే ఎక్కించి ఇచ్చేదాన్ని. అందుకే మీ నాన్న సూది చేతిలోకి తీసుకున్న మొదటి రోజునే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. పైకి మాత్రం ఆయనకు పనీపాటా లేదని నవ్వాను. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళితే, మా అమ్మకు చెప్పినట్టే "ఇక లాభం లేదు" అంటారేమోనని భయం. అనకముందు మసకైనా ఉంటుంది కదా, అన్నాక అదీ ఉండదనిపించేది. ఇది తెలివితక్కువ లెక్క అని నాకు తెలుసు. భయంలో ఉన్నవాళ్ళ లెక్కలు అలాగే ఉంటాయి.

టీ చల్లారిపోయింది. మీ నాన్న, "ఆ ఫొటో వచ్చిన రోజున నాకు నిజంగా భయం పట్టుకుంది" అన్నారు. ఏ ఫొటో, ఎందుకు అన్నాను. "అది తర్వాత చెబుతాలే" అని మాట దాటేశారు.

నేను ఆ సాయంత్రమంతా ఆ అమ్మాయి అన్న మాటే నెమరు వేసుకున్నాను. వస్తే నిండుగా వస్తుంది, లేదంటే అసలు రాదు. మొదట అందులో అసలు రాదన్న సగమే నాకు వినిపించింది. తర్వాత్తర్వాత రెండో సగం నన్ను పట్టుకుని లాగింది. నిండుగా వస్తుంది. ఎవరికో ముక్కు పక్కన పుట్టుమచ్చ కనిపిస్తోందే, నాకు నా కూతురి చుక్క కనబడకపోవడమేమిటి? మా అమ్మ పడిన గోతిలో నేను కళ్ళు మూసుకుని పడాలా? పొద్దున్నే లేచి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. మీ నాన్న ఇంకా సూదుల దగ్గరే ఉన్నారు. "అవి పక్కన పెట్టండి, బయల్దేరదాం" అన్నాను. ఆయన చేతిలో ఉన్న సూది ఎక్కడ పడేశారో ఇప్పటికీ దొరకలేదు. చెప్పుల్లేకుండా ఇంట్లో నడవడం లేదు మేం.

కళ్ళ డాక్టరమ్మ నా రెండు కళ్ళలోకీ దీపం వేసి చూసింది. "ఇన్నాళ్ళూ ఏం చేశారండీ?" అంది. "టీవీ బాగుచేస్తున్నాం" అన్నారు మీ నాన్న. ఆవిడకు అర్థం కాలేదు గానీ నవ్వింది. కంటిపాప వెనక ఉండే అద్దం మసకబారిందట, దాన్ని తీసేసి కొత్తది పెడతారట. లాభం లేదన్న మాట ఆవిడ నోట రాలేదు. దానికోసమే ఎదురుచూస్తూ కూర్చున్న నాకు, ఆవిడ కాగితం రాసిచ్చి "తర్వాతి వాళ్ళు" అని పిలిచేదాకా గండం గడిచిందని తెలియలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మీ నాన్న నా సంచి పట్టుకుని పక్కన నిలబడ్డారు.

నీకు ఎందుకు చెప్పలేదంటావా? నీకు తెలిస్తే ఆ బాగోలేని సముద్రంలో పడవెక్కుతావు. ఒకరి కళ్ళకోసం ఇంకొకరి ప్రాణం మీదికి తెచ్చుకోవడం నాకిష్టం లేదు. తిట్టాలనుకుంటే వచ్చే ఉత్తరంలో తిట్టు. ఆ ఉత్తరం నేనే చదువుకుంటాను, మీ నాన్న వాక్యాలు మింగడానికి వీల్లేదు.

ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. నొప్పి లేదు. మర్నాడు డాక్టరమ్మ పట్టీ తీసింది. మొదట వెలుతురు, ఆ తర్వాత గోడ, గోడ మీద గడియారం, గడియారంలో ముళ్ళు. ఆ పక్కన ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. గడ్డం సరిగ్గా గీసుకోలేదు, కనుబొమలు తెల్లగా ఉన్నాయి, కళ్ళకింద సంచులు. ఎవరో పాపం అనుకున్నాను. "ఏమే, వచ్చిందా?" అన్నాడాయన.

"మీరెప్పుడు ఇంత ముసలివారయ్యారండీ?" అన్నాను.

"నువ్వు చూడనప్పుడు" అన్నారు మీ నాన్న.

నాకు ఆ ముఖాన్ని చూస్తుంటే తనివి తీరలేదు. ముసలితనం కూడా ఎంత స్పష్టంగా ఉందని! ప్రతి ముడతా కాజా కుట్టినట్టు అంచులతో సహా కనిపించింది. బస్సులో ఇంటికి వస్తూ దారి పొడుగునా బోర్డులన్నీ పైకి చదివాను. సెలూన్లూ, మందుల షాపులూ, "ఇక్కడ కాగితాలు అంటించరాదు" అని రాసిన గోడలూ ఏదీ వదల్లేదు. ఎదుటి సీటులో కూర్చున్నావిడ నన్ను కొత్తగా చదువు నేర్చుకుంటున్నదాన్ననుకుని మెచ్చుకుంది.

ఇక నిన్నటి కథ విను. పాత యాంటెన్నా దింపేద్దామని మీ నాన్న మేడెక్కారు. నేను కిటికీ దగ్గర కూర్చుని, వంగకూడదు, బరువులెత్తకూడదు అన్నారు కాబట్టి, ఏ పనీ లేక నీ ఉత్తరాల కట్ట తీశాను. అందులోంచి ఆ ఫొటో జారింది. పైన మీ నాన్న బోల్టు విప్పుతూ, అలవాటు కొద్దీనో అల్లరికో, "వచ్చిందా?" అని కేకేశారు. మెట్ల మీంచి మెట్లత్త, "వచ్చిందా అంటున్నాడు వదినా!" అని అందించింది.

నేను ఫొటో చేతిలోకి తీసుకుని చూశాను. నువ్వు. గాలిని కొలిచే స్తంభం పక్కన నిలబడి, ఎండకు కళ్ళు చికిలించి నవ్వుతున్నావు. ఎడమ చెంప మీద సొట్ట. చొక్కాకు రెండో గుండీ ఊడి ఉంది.

"వచ్చింది!" అని అరిచాను. వెంటనే, "ఏవండీ, దీని జుట్టేమైందండీ?" అని ఇంకా గట్టిగా అరిచాను.

పైన బోల్టు చప్పుడు ఆగిపోయింది.

"జుట్టేమైందని అడుగుతోంది తమ్ముడూ!" అని మెట్లత్త అందించింది.

"నేను ఇప్పట్లో దిగనని చెప్పక్కా!"

నడుం దాకా ఉండే జడే తల్లీ! మగపిల్లాడిలా మెడమీదికి కత్తిరించుకుంటావా? ఆ ఫొటో పట్టుకుని నేను "జడ పల్చబడింది" అన్నానట, అక్కడ అసలు జడే లేదట, మీ నాన్నకు ఆ రోజు అన్నం సయించలేదట! ఆయన ఎందుకు దగ్గారో, ఏ వాక్యాలు మింగారో ఇప్పుడు తెలిసింది. తిట్లకోసం ఎదురుచూస్తున్నానన్నావుగా, ఇవిగో. బుద్ధుందా నీకు? గాలికి ముఖం మీద పడుతోందంటే ముడేసుకోవచ్చు కదా! నన్నొక్క మాట అడిగావా? ఆ రెండో గుండీ ఊడి ఎన్నాళ్ళయింది? గుండీలు కుట్టే మనిషి కూతురివై ఉండి ఆ చొక్కాతో ఫొటో దిగుతావా? సూదీ దారం పంపిస్తున్నాను. దారం నేనే ఎక్కించాను.

తిట్టాక మళ్ళీ చూశాను. నిజం చెప్పనా, నీకు నప్పింది. మీ అమ్మమ్మ నుదురు అచ్చంగా నీకు వచ్చిందన్న సంగతి ఇన్నేళ్ళూ జుట్టుకింద దాగి ఉంది.

నిన్న సాయంత్రం వాతావరణ వార్తల్లో నీ చుక్కను నేనే పట్టుకున్నాను. చిన్న నీలం చుక్క, పక్కన నువ్వు కొలిచిన గాలి. ఎవరినీ అడగకుండా "అమ్మాయి వచ్చింది" అన్నాను. మీ నాన్న కళ్ళజోడు తుడుచుకున్నారు.

అయితే పిచ్చుకా, చుక్కతో సరిపెట్టుకునే కళ్ళు కావు ఇవి. సముద్రం కుదుటపడే రోజులకు ఎడమకంటికి కూడా చేస్తారట. ఆ రోజులకు సెలవు పెట్టు. జుట్టు పెంచుకుని వస్తావో, ఉన్నది కూడా తీయించుకుని వస్తావో నీ ఇష్టం. మీ నాన్న పొద్దుటినుంచీ మేడ మీదే ఉంటారు, అక్కడినుంచి వీధి మలుపు బాగా కనిపిస్తుంది. మెట్లత్త మెట్ల మీద ఉంటుంది. ఇన్నేళ్ళూ ఆయన పైనుంచి అడిగితే నేను కిందినుంచి చెప్పాను. ఆ రోజు మాత్రం "వచ్చిందా?" అని అడిగేది నేను.

ఇట్లు,
నిన్ను నిండుగా చూడాలని ఉన్న
మీ అమ్మ